కరువు భత్యం మనకు, కరువు వారికి

ఎర్రవల్లిలో ఒక నికాహ్ విందు. షామియానా కింద దస్తర్‌ఖాన్ పరిచి కూర్చోబెట్టారు. బగారా అన్నం, మాంసం కూర, దాల్చా, చివర ఖుబానీ కా మీఠా. మా వరుసలో ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు, గజ్వేల్‌లో బట్టల దుకాణం ఉన్న ఒక వ్యాపారి, గల్ఫ్‌లో కొడుకులున్న ఒక పెద్దమనిషి ఉన్నారు. మాట సహజంగానే ధరల మీదికి మళ్లింది. మాంసం కిలో ఎనిమిది వందలు దాటిందని ఒకరన్నారు. కరువు భత్యం విడతలు బకాయి పడ్డాయని మేమన్నాము. జీఎస్టీతో వ్యాపారం సాగడం లేదని మరొకరన్నారు. ఈ రోజుల్లో సామాన్యుడు బతకలేడని అందరమూ కలిసి తీర్మానించాము. పెళ్లికూతురి తండ్రి మా వెనుక వంగి ఒక్కొక్కరి పళ్లెంలో వడ్డిస్తున్నాడు. "ఇంకొంచెం వేసుకోండి సాబ్" అనడం తప్ప ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

ఆయన రోడ్డు పక్కన పంక్చర్లు వేసుకొని బతికే మనిషి. ఆ విందు గిరిగిరి అప్పుతో పెట్టినదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. యాభై వేలకు కాగితం రాయించుకొని, వడ్డీ ముందే పట్టుకొని, నలభై రెండున్నర వేలు చేతిలో పెట్టారు. రోజుకు ఐదు వందల చొప్పున వంద రోజులు కట్టాలి. దుకాణంలో మంచి రోజున వచ్చేదే ఆరేడు వందలు. వలీమా పెళ్లికొడుకు బాధ్యత అనీ, ఆడపిల్ల తండ్రి మీద విందు భారం మన ధర్మం మోపలేదనీ మాలో తెలియనివారు లేరు. తెలిసే తిన్నాము. తింటూనే కరువు గురించి మాట్లాడాము.

ఆ తర్వాత రంజాన్ వచ్చింది. జకాత్ సొమ్ముతో కిరాణా సరుకులు ఇవ్వడానికి అర్హుల జాబితా తయారుచేసే పని మేమున్న ఒక చిన్న కమిటీకి అప్పగించారు. ఎవరో ఆయన పేరు చెప్పారు. స్లాబు ఇల్లున్నది, కొడుకు ఆటో నడుపుతాడు, మొన్ననే ఊరికి భోజనం పెట్టాడు, ఆయనకెందుకు అన్నాము. రాసిన పేరును కొట్టివేసిన కలం మా చేతిలోనే ఉన్నది. బక్రీద్ నాటికి దుకాణం మూతపడింది. గాలి కొట్టే కంప్రెషర్ అమ్ముడుపోయింది. ఒక తెల్లవారుజామున ఆ కుటుంబం హైదరాబాద్ వైపు వెళ్లిపోయింది. ఆ వారం జుమా నమాజు ముగించి బయటికి వస్తే, అప్పిచ్చిన మనిషి మెట్ల దగ్గర నిలబడి "మీవాడు ఎటు పోయిండు?" అని మమ్మల్ని అడిగాడు.

ఆయన మావాడన్న సంగతి అప్పిచ్చినవాడికి తెలుసు. మాకే గుర్తు లేకపోయింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

రెండు బాధలు, ఒకటే మాట

"ఇబ్బందిగా ఉన్నది" అన్న మాటను మన ఊళ్లలో రెండు రకాల మనుషులు వాడుతున్నారు. పోయిన సంవత్సరం కొన్నంత ఈ సంవత్సరం కొనలేకపోతున్నవాడు ఒకడు. సాయంత్రానికి కిస్తీ కట్టకపోతే వాకిట్లో పరువు పోతుందని వణికేవాడు మరొకడు. మొదటివాడి మాట టీ హోటల్‌లో, పత్రికలో, సభలో, శాసనసభలో వినబడుతుంది. రెండవవాడు ఆ మాటను భార్యతో కూడా పూర్తిగా చెప్పడు. మొదటివాడు తన బాధకు "సామాన్యుడి బాధ" అని పేరు పెట్టుకుంటాడు. ఆ పేరు కింద రెండవవాడు కనిపించకుండా పోతాడు.

ధరల మీద ఫిర్యాదు అబద్ధమని మేము అనడం లేదు. 2023 జూలైలో టమాటా కిలో రెండు వందలకు చేరింది. అదే సంవత్సరం హైదరాబాద్‌లో వంటగ్యాసు బండ ధర పదకొండు వందలు దాటింది. ఇవి కల్పితాలు కావు. కానీ టమాటా రెండు వందలైన నెలలో మేము పావుకిలో కొన్నాము, తిట్టుకుంటూ కొన్నాము. ఆ పంక్చరు దుకాణం ఇంట్లో ఆ నెలంతా చింతపండు చారే కాచారని ఆయన భార్య తర్వాత మా ఇంటి ఆడవాళ్లతో చెప్పింది. మా ఇంట్లో వంటకం కొంచెం మారింది. వారి ఇంట్లో పిల్లల ఆహారం మారింది. మేము ఆ నెల గురించి గంటలకొద్దీ మాట్లాడాము. వారు మాట్లాడలేదు.

కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టు నుండి 2023 జూలై వరకు జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ఈ తేడాను అంకెలలో చూపింది. గ్రామీణ భారతంలో అప్పుడు సగటున ఒక మనిషి నెలకు 3,773 రూపాయలు ఖర్చు పెట్టాడు. అట్టడుగున ఉన్న 5 శాతం మంది ఖర్చు 1,373 రూపాయలు. పైన ఉన్న 5 శాతం మంది ఖర్చు 10,501 రూపాయలు. గ్రామీణ ఖర్చులో సగటున 46 శాతం తిండికే పోయింది. అడుగుకు పోయినకొద్దీ ఆ వాటా ఇంకా పెరుగుతుంది. రోజుకు నలభై ఆరు రూపాయలతో గడిపే మనిషికి ధర పెరగడమంటే తగ్గించుకోవడానికి ఏమీ మిగలకపోవడం. మందు మానాలి, బడి మాన్పించాలి, లేదా అప్పు చేయాలి. ఈ మూడింటిలో ఏది జరిగినా బజారులో చప్పుడు వినబడదు.

సూచీ ఉన్నవారు, లేనివారు

మేము ముప్పై సంవత్సరాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా కొలువు చేశాము. కాబట్టి ఈ మాట ఇతరులకంటే మాకే ఎక్కువ తెలియాలి. ప్రభుత్వోద్యోగి జీతానికి ధరల సూచీ ఒక కాపలాదారు. ధరలు పెరిగితే సూచీ పెరుగుతుంది. సూచీ పెరిగితే ఉద్యోగికి కరువు భత్యం, పింఛనుదారుకు కరువు భృతి పెరుగుతాయి. ప్రభుత్వం విడతలు ఆపవచ్చు, ఆలస్యం చేయవచ్చు. ఆపినంత మాత్రాన హక్కు పోదు, బకాయిగా లెక్కలో నిలుస్తుంది. 2021 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం వేతన సవరణ కింద 30 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించినప్పుడు పింఛనుదారులమైన మాకూ అది అందింది.

ఇప్పుడు మన వీధిలోని ఒక వితంతువు ఆసరా పింఛను చూడండి. 2014లో అది వెయ్యి రూపాయలు. 2019 జూన్ నుండి 2,016 రూపాయలు. ఆ తర్వాత ఐదు సంవత్సరాలు గడిచినా అదే 2,016. ఆ ఐదేళ్లలో కరోనా వచ్చి పోయింది, నూనె ధర ఎక్కింది, గ్యాసు ధర ఎక్కింది, టమాటా రెండు వందలైంది. ఆమె పింఛనుకు ఏ సూచీ కాపలా లేదు. ఆమెకు రాని పెంపు ఏ పద్దులోనూ బకాయిగా నమోదు కాదు. రోజుకు అరవై ఏడు రూపాయల ఆ మొత్తం విలువ ఏటేటా కరిగిపోతుంటే, దానికి ధర్నా చేసే సంఘం లేదు, వినతిపత్రం రాసే గుమాస్తా లేడు.

మనకు కరువు భత్యం ఉన్నది. ఆమెకు కరువు మాత్రమే ఉన్నది.

బకాయిల కోసం మేమూ ధర్నాలో కూర్చున్నాము. అది తప్పని ఇప్పుడూ అనము. కష్టపడి సంపాదించుకున్న హక్కు అది. కానీ ఆ ధర్నా శిబిరంలో ఒక్కరమైనా ఆసరా పింఛనుకు కూడా ధరల సూచీని జతచేయాలని ఒక వాక్యం కలిపామా? కలపలేదు. "ధరలు మండుతున్నాయి, ప్రజలు అల్లాడుతున్నారు" అని నినదించాము. అల్లాడే ప్రజల పేరు మీద మా బకాయి అడిగాము. దీనిని ఏమనాలో చదువరులే నిర్ణయించాలి.

కనిపించే ఇల్లు, కనిపించని అప్పు

ఎర్రవల్లి మామూలు ఊరు కాదు. అప్పటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు దత్తత తీసుకున్న గ్రామం. ఆయన వ్యవసాయ క్షేత్రం ఉన్నది ఇక్కడే. 2016 డిసెంబర్ 23న ఎర్రవల్లి, నర్సన్నపేట గ్రామాలలో రెండు పడకగదుల ఇళ్లకు ఆయన సమక్షంలో గృహప్రవేశాలు జరిగాయి. పెద్ద నోట్ల రద్దు జరిగి అప్పటికి ఆరు వారాలు. ఒకవైపు కొత్త ఇళ్లకు తోరణాలు కట్టారు. మరొకవైపు అదే నెలలో రాష్ట్రమంతటా బ్యాంకుల ముందు బారులు తీరారు. ఆ రోజుల్లో ఇళ్లను చూసినవారు "ఇక పేదరికం ఎక్కడిది?" అన్నారు. బారులను చూసినవారు "దేశం మునిగిపోయింది" అన్నారు. ఇద్దరూ కంటికి కనిపించినదాన్నే చూశారు.

పేదవాడికి పక్కా ఇల్లు చిన్న విషయం కాదు. వానకు కారని కప్పు కింద పడుకోవడం ఎంత గౌరవమో గుడిసెలో పుట్టినవారికి తెలుసు. ఇల్లు ఇచ్చినవారిని ఆ మేరకు అభినందించాలి. కానీ ఇల్లు రాబడి కాదు. స్లాబు కింద కూర్చొని కూడా కిస్తీకి వణకవచ్చు. పైగా ఆ స్లాబే ఆ మనిషిని అర్హుల జాబితా నుండి తీసివేస్తుంది, మా కలం తీసివేసినట్లు.

మన రాష్ట్రంలో సాయం భూమి వెంట నడుస్తుంది. 2018 మేలో మొదలైన రైతుబంధు పట్టా ఉన్నవారికి ఎకరాకు నాలుగు వేల చొప్పున పంటకాలానికి ఇచ్చింది. పదుల ఎకరాలున్న ఆసామికి పదింతలు అందింది. కౌలు చేసేవాడికి, కూలికి పోయేవాడికి, ఊరి సెంటరులో పంక్చర్లు వేసేవాడికి, దర్జీకి, పండ్ల బండి వాడికి దానిలో వాటా లేదు. ప్రాజెక్టుల కింద భూములు పోయినప్పుడూ ఇదే జరిగింది. 2015 జూలైలో వచ్చిన జీవో 123 భూమి అమ్మేవారితో ధర మాట్లాడుకోవడానికి దారి చూపింది. ఆ భూమి మీద కూలి చేసి బతికేవారి సంగతి అందులో లేదు. ఉమ్మడి మెదక్ జిల్లా వ్యవసాయ కూలీలు హైకోర్టుకు వెళ్లిన మీదట 2016 ఆగస్టులో న్యాయస్థానం ఆ జీవోను కొట్టివేసింది. ఆ తర్వాతే ప్రభుత్వం భూమిలేనివారి కోసం వేరే ఉత్తర్వులు తెచ్చింది. కోర్టు గడప తొక్కేదాకా వారు ఎవరి లెక్కలోనూ లేరు.

పల్లెల్లోని మన ముస్లిం కుటుంబాలలో చాలా భాగం ఈ లెక్కకు రాని వర్గమే. భూమి లేదు, ఉన్నా అర ఎకరం. చేతి పని, చిన్న బేరం, అద్దె ఆటో. 2019లో జాతీయ నమూనా సర్వే తెలంగాణ వ్యవసాయ కుటుంబాలలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయని తేల్చింది. దేశ సగటు 50.2 శాతం. రైతు అప్పు గురించి ఆ మాత్రమైనా లెక్క ఉన్నది, మాఫీ గురించి ఎన్నికల వాగ్దానమైనా ఉన్నది. టైరు విప్పి ట్యూబుకు అతుకు వేసే చేతుల అప్పును మాఫీ చేస్తామని ఏ పార్టీ అన్నది?

ఆ అప్పు ఎలా పెరుగుతుందో ఆ ఇంటి లెక్కతోనే చెబుతాము. గిరిగిరి అప్పులో వంద రోజులకు ఏడున్నర వేలు వడ్డీ. అసలు రోజురోజుకూ తగ్గుతూ పోతుంది కాబట్టి సంవత్సరానికి లెక్కగడితే వడ్డీ నూటికి నూరు దాటుతుంది. ఆ రోజువారీ కిస్తీ కట్టలేక భార్య పేరున మహిళా గ్రూపులో సూక్ష్మరుణం తీసుకున్నారు. ఆమె వారం కిస్తీ తప్పితే గ్రూపులోని మిగతా ఆడవాళ్లు కట్టాలి. అంటే అప్పిచ్చినవాడు రానక్కర లేదు, పక్కింటివారే వచ్చి వాకిట్లో నిలబడతారు. కొడుకు ఆటో ఫైనాన్సుది. 2023 డిసెంబర్ 9 నుండి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పథకం. ఆ ఇంటి ఆడవాళ్లు కూడా ఆ బస్సు ఎక్కారు, ఆ మేరకు చార్జీ మిగిలింది. కానీ ఆటో ఎక్కే ఆడవాళ్లు తగ్గారు, ఆటో కిస్తీ తగ్గలేదు. ఇక షాదీ ముబారక్. 2014లో 51 వేలతో మొదలై 2018 నాటికి 1,00,116 రూపాయలకు పెరిగిన ఆ సాయం ఎంతో మంది తండ్రుల భుజం తట్టింది. కానీ చెక్కు పెళ్లికి ముందు రాదు, పెళ్లి తర్వాత వస్తుంది. ఈ రెంటి మధ్య కాలాన్ని వడ్డీవాడు ఏలుతాడు. చెక్కు వచ్చిన రోజున అది ఆడపిల్ల కాపురానికి పోలేదు, అప్పులవాడి చేతికి పోయింది.

ఇది కొత్త వ్యాధి కాదు. సూక్ష్మరుణ సంస్థల వేధింపులు, ఆత్మహత్యల నేపథ్యంలో 2010 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఆర్థిక సంస్థలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పునిచ్చింది. అంతకుముందే 2022 ఏప్రిల్ నుండి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు అమలుచేసింది. సంవత్సరానికి మూడు లక్షల లోపు రాబడి ఉన్న కుటుంబం తన నెలసరి రాబడిలో సగం వరకు కిస్తీలకు కట్టవచ్చునట. వడ్డీకి పాత గరిష్ఠ పరిమితి తీసివేశారు. నెలకు పన్నెండు వేలు వచ్చే ఇంట్లో ఆరు వేలు కిస్తీకి పోతే, మిగిలిన ఆరు వేలతో ఐదుగురు ఎలా తింటారన్నది నిబంధన రాసినవారు ఆలోచించవలసిన మాట. గిరిగిరి వ్యాపారికి ఆ నిబంధన కూడా లేదు.

వినతిపత్రాలలో లేనివారు

కార్యాలయంలో ఇన్‌వర్డ్ రిజిస్టరు చాలాకాలం మా చేతిలో ఉండేది. ప్రతి సోమవారం ప్రజావాణికి వచ్చే అర్జీలకు నంబరు వేసి "తగు చర్య నిమిత్తం" అని పై అధికారికి పంపేవాళ్లము. అప్పుడు గమనించని సంగతి ఒకటి ఇప్పుడు అర్థమవుతున్నది. అర్జీ పెట్టడానికి కూడా కొంత స్తోమత కావాలి. ఒక రోజు కూలి వదులుకోవాలి, బస్సు చార్జీ ఉండాలి, రాసిపెట్టేవాడు ఉండాలి, మళ్లీ మళ్లీ తిరిగే ఓపిక ఉండాలి. ఇవన్నీ ఉన్నవాడి ఫిర్యాదుకు నంబరు పడుతుంది. ఇవేవీ లేనివాడి కష్టానికి నంబరు ఉండదు. మేము ముప్పై ఏళ్లు నంబర్లనే ప్రజలనుకున్నాము.

మన సంఘాల వినతిపత్రాలు తీసి చూడండి. నాలుగు శాతం రిజర్వేషన్ కాపాడాలి, పన్నెండు శాతానికి పెంచాలి. విదేశీ విద్యకు ఉపకార వేతనం సకాలంలో ఇవ్వాలి. ఉర్దూ ఉపాధ్యాయ ఖాళీలు నింపాలి. వక్ఫ్ భూములు కాపాడాలి. ఇవన్నీ న్యాయమైన కోరికలే. 2017 ఏప్రిల్‌లో శాసనసభ ఆమోదించిన పన్నెండు శాతం బిల్లు అమలుకు రాలేదన్న ఆవేదన మాకూ ఉన్నది. కానీ డిగ్రీ దాకా వచ్చిన ఇంటికే రిజర్వేషన్ ఉద్యోగం దక్కుతుంది. విమానం ఎక్కగల ఇంటికే విదేశీ విద్య దక్కుతుంది. పదవ తరగతిలో బడి మాని టైర్ల దగ్గర కూర్చున్న పిల్లవాడికి ఆ కాగితంలో ఒక్క పంక్తి లేదు. 2006లో జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు మనమంతా దానిని చేతబట్టుకొని తిరిగాము. ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలను బ్యాంకులు అప్పు ఇవ్వకూడని ప్రాంతాలుగా గుర్తిస్తున్నాయని ఆ నివేదికే చెప్పింది. బ్యాంకు తలుపు మూసినచోటే గిరిగిరి తలుపు తెరుచుకుంటుంది. ఆ పేజీని మన నాయకులు ఎన్ని సభల్లో చదివారు?

రెండు వైపులా ఒక తప్పు నడుస్తున్నది. పాలకుల పక్షాన మాట్లాడేవారు "చేతిలో సెల్‌ఫోన్ ఉన్నది, ఫంక్షన్ హాళ్లు ఖాళీ లేవు, కష్టమెక్కడిది?" అంటారు. ఫంక్షన్ హాలు నిండటం కష్టం లేదనడానికి రుజువు కాదు, చాలాసార్లు అప్పు ఉన్నదనడానికి రుజువు. ఇక ప్రతిపక్షంగా మాట్లాడే మనం "అందరమూ మునిగిపోయాము" అంటాము. అందరూ మునిగారంటే ఎవరిని ముందు ఒడ్డుకు లాగాలో తెలియదు. మెడదాకా నీళ్లలో ఉన్నవాడినీ, పాదం తడిసినవాడినీ ఒకే వరుసలో నిలబెట్టి ఫొటో తీసినట్లవుతుంది.

ఒక మిత్రుడు మా మాటకు అడ్డుచెప్పాడు. "ఇలా మాట్లాడితే ప్రభుత్వానికి సాకు దొరుకుతుంది. ధరల మీద గొంతు తగ్గిస్తే వారికే లాభం" అన్నాడు. మేము గొంతు తగ్గించమనడం లేదు. ఎవరి కోసం ఎత్తుతున్నామో చెప్పి ఎత్తమంటున్నాము. "ధరలు తగ్గించాలి" అన్న నినాదానికి ఏ ప్రభుత్వమైనా "చూస్తాము" అని జవాబు చెప్పి తప్పించుకోగలదు. "మా గ్రామంలో ఇన్ని ఇళ్లు రోజువారీ అప్పులో ఉన్నాయి, ఇంత వడ్డీ కడుతున్నాయి, ఈ పేర్లతో కాక ఈ సంఖ్యతో మీ ముందు పెడుతున్నాము" అంటే తప్పించుకోవడం కష్టం. అస్పష్టమైన ఫిర్యాదే పాలకులకు అన్నింటికంటే సుఖమైనది.

అడగనివారిని గుర్తించే బాధ్యత

కష్టంలో ఉన్నవాడు ఎందుకు చెప్పడు? ఇజ్జత్ కోసం. బీదరికం దాచుకోవడం అబద్ధం కాదు, అది ఆ మనిషికి మిగిలిన చివరి ఆస్తి. ఆత్మాభిమానం వల్ల చేయి చాచనివారిని, తెలియనివారు కలిగినవారని భ్రమించే పేదలను, ఖుర్ఆన్ బఖరా సూరా ప్రత్యేకంగా గుర్తుచేస్తుంది. వారిని వెతికి గుర్తించవలసినది ఇచ్చేవారే. జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో చిక్కినవారు ఒక వర్గం. మనం ప్రతి రంజాన్‌లో బియ్యం, సేమియా, ఖర్జూరం సంచుల్లో కట్టి ఇస్తాము, ఫొటో తీస్తాము. 2025 ఏప్రిల్ నుండి రేషన్‌లో సన్నబియ్యం ఉచితంగా అందుతున్న రాష్ట్రంలో, బియ్యం సంచికంటే ఒక కిస్తీ తీరడం ఆ ఇంటికి ఎక్కువ ఊపిరి. అయినా మన జకాత్ ఇంకా సంచుల్లోనే తిరుగుతున్నది.

చేయవలసిన పనులు పెద్దవి కావు. మాకు తోచినవి నాలుగు ఉన్నాయి.

మొదటిది, ప్రతి మస్జిద్ కమిటీ ఒక అప్పుల రిజిస్టరు తెరవాలి. గోడమీద అంటించేది కాదు, ఇమామ్ సాహెబ్, మరో ఇద్దరు నమ్మకస్తులు తప్ప ఎవరూ చూడకూడనిది. ఆడవారి అప్పు ఆడవారే అడిగి రాయాలి. మూడు ప్రశ్నలు చాలు. రోజుకో వారానికో ఎంత కడుతున్నారు? ఎవరికి? ఏ అవసరానికి తెచ్చారు? ఇంటి గోడ చూసి, ఆటో చూసి అర్హత నిర్ణయించే మా వంటివారి కలం ఈ మూడు ప్రశ్నల తర్వాతే కదలాలి.

రెండవది, జకాత్‌లో కొంత భాగం నేరుగా అధిక వడ్డీ అప్పుల విముక్తికి కేటాయించాలి. దానికి తోడు ఒక వడ్డీలేని పొదుపు సంఘం. ఇది కొత్త ఊహ కాదు. నిజాం కాలపు హైదరాబాద్‌లో ప్రభుత్వ కార్యాలయాల ఉద్యోగులు తమలో తాము చందాలు వేసుకొని వడ్డీలేని అప్పుల సంఘాలు నడిపారు. హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో బోధించిన విద్వాంసుడు ముహమ్మద్ హమీదుల్లా వాటి గురించి రాసి ప్రపంచానికి పరిచయం చేశారు. ఆనాటి గుమాస్తాలు చేయగలిగిన పని ఈనాటి పింఛనుదారులు చేయలేరా? ఇరవై మంది పింఛనుదారులు నెలకు వెయ్యి చొప్పున వేసుకుంటే సంవత్సరానికి రెండు లక్షల నలభై వేలు. ఒక ఊరిలో నాలుగైదు ఇళ్లను గిరిగిరి నుండి బయటికి లాగడానికి అది చాలు. తిరిగి కట్టిన డబ్బు మరో ఇంటికి పోతుంది.

మూడవది, విందులు. ఆడపిల్ల తండ్రి పెట్టే భోజనానికి కూర్చోమని ఊరి పెద్దలు ముందుగా ప్రకటించాలి. నికాహ్ మస్జిద్‌లో జరగాలి, ఖర్జూరం పంచాలి, అంతే. పేదవాడు తనంతట తాను విందు మానలేడు. మానితే "పెట్టలేకపోయాడు" అంటారు. మేము తినమని కలిగినవారు ముందుగా అంటే ఆయన పరువు నిలుస్తుంది. ఈ పని కలిగినవారే మొదలుపెట్టాలి.

నాలుగవది, వినతిపత్రాలు మార్చాలి. ఆసరా పింఛనుకు ధరల సూచీ జతచేయాలని, షాదీ ముబారక్ సొమ్ము నికాహ్ తేదీకి ముందే ఖాతాలో పడాలని, రోజువారీ వడ్డీ వ్యాపారం మీద నిఘా పెట్టాలని, చేతిపనివారికి పూచీకత్తు లేకుండా బ్యాంకు రుణం ఇప్పించాలని మన సంఘాలు స్పష్టంగా రాయాలి. పింఛనుదారుల సంఘాలలో ఉన్న మన సోదరులు తమ కరువు భృతి కోరికల కాగితంలో మొదటి పంక్తిగా వితంతువు పింఛనును చేర్చాలి. ధర్నా శిబిరంలో ఆమెకూ ఒక కుర్చీ వేయాలి.

మా బకాయి విడతలు ఎప్పుడు వచ్చినా, మొదటి విడత అప్పుల విముక్తికి పోతుందని మేము నలుగురము నిర్ణయించుకున్నాము. ఇది దానం అని గొప్పగా చెప్పడం లేదు. ఆ విందులో మేము తిన్న అన్నం ఖరీదు ఇంకా మా లెక్కలో ఉన్నది.

ఆ పంక్చరు దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఖాళీ రేకుల డబ్బా నిలబడి ఉన్నది. ఎర్రవల్లికి వచ్చే వాహనాలు గాలి కోసం గజ్వేల్ దాకా పోతున్నాయి. ఆయన ఎక్కడ ఉన్నదీ మాకు తెలిసింది. నగర శివారులో ఒక కట్టడం దగ్గర కాపలా కాస్తున్నాడు. ఫోన్ చేస్తే, జాబితాలో పేరు కొట్టివేసిన సంగతి ఎత్తలేదు. "చెప్పకుండా వచ్చేసిన, మాఫ్ చేయండి సాబ్" అన్నాడు. మాఫీ అడగవలసినది ఆయన కాదు.

రేపటి జుమా తర్వాత మస్జిద్ ముందు మళ్లీ ధరల మాట వస్తుంది. మాంసం, గ్యాసు, జీఎస్టీ, కరువు భత్యం. మనమందరమూ మాట్లాడుతాము. సోదరులారా, ఆ గుంపులో ఏమీ మాట్లాడకుండా చెప్పులు వేసుకొని వెళ్లిపోతున్నది ఎవరో ఒక్కసారి చూడండి. మాట ఆపి, ఆయన వెంట నాలుగడుగులు నడవండి.